తిరగేసిన హెల్మెట్

మా దగ్గర ఎవరికైనా కడుపు పండితే హెల్మెట్ తిరగేస్తారు.

బట్టలు మార్చుకునే గదిలో గోడ పొడుగునా కొక్కేలుంటాయి. ఒక్కో కొక్కెం మీద ఒక్కో పేరు. రియాక్టర్ భవనం లోపలికి వెళ్ళేవాళ్ళ హెల్మెట్లు వాటికి బోర్లా తగిలించి ఉంటాయి. కడుపుతో ఉన్న మనిషి లోపలికి అడుగు పెట్టకూడదు. అందుకని ఆమె హెల్మెట్ మరొకరు తీసుకుపోకుండా, గడ్డం పట్టీ పట్టుకుని వెల్లకిలా ఉట్టిలాగా కట్టేస్తారు. ఆ రోజు నుంచి అందులో ఎవరికి తోచింది వాళ్ళు వేస్తుంటారు. ఊలు మేజోళ్ళు, గిలక్కాయ, చాక్లెట్లు, అమ్మమ్మ ఇచ్చిన దిష్టి తాడు. బిడ్డ పుట్టాక తల్లి వచ్చి అదంతా మూట కట్టుకుపోతుంది. ఈ ఆచారం ఎవరు పెట్టారో అడిగితే ప్రతివాడూ తనే అంటాడు.

ఇంతమంది మగాళ్ళలో మేం ఆడవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి. రంగులేసే రొసానాకి హెల్మెట్ తిరిగినప్పుడు నేను కూడా అందులో ఓ జత బుల్లి చెప్పులు వేశాను. వేసి, పక్క గదిలోకి పోయి, ముక్కు చీదుకుని వచ్చాను. అప్పటికే ఫౌస్తోకీ నాకూ పెళ్ళై చాలా ఏళ్ళయింది. ఫౌస్తోది నారింజ మొక్కల నర్సరీ. అతను అంటు కడితే ఎండిన కొమ్మైనా చిగురేస్తుందని ఊళ్ళో పేరు. ఆ పేరు ఎవరైనా నా ముందు ఎత్తితే నాకు ఒళ్ళు మండేది.

నా పేరు యానీనా. ప్లాంటులో అలా పిలిస్తే నేనే తల తిప్పను. అక్కడ నేను బల్లిని. సన్నగా ఉంటాను, ఎంత ఇరుకు సందులోకైనా దూరి పైపు మీదికి పాకుతాను, అందుకు. మా పని షాక్ అబ్జార్బర్లు చూడటం. మోటార్ సైకిల్‌కి ఉండేలాంటివే అనుకుంటారు అందరూ, కానీ మావి దానికి పూర్తిగా ఎదురు. ప్లాంటు వేడెక్కేటప్పుడు పైపులు మెల్లగా సాగుతాయి. అప్పుడు మావి అడ్డు పడకుండా వాటితో పాటు సాగాలి. భూమి కంపించినా, పైపులో నీళ్ళు ఉన్నట్టుండి గుద్దినా, ఆ క్షణం బిగుసుకుని పైపుని పట్టుకోవాలి. మెల్లగా వస్తే దారివ్వాలి, ఒక్కసారిగా వస్తే పట్టుకోవాలి. అంతే దాని బతుకు.

ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరొకడు మేం గొట్టంతో పీల్చే మాతే టీ బుర్ర చేతిలో పట్టుకుని, "మనిషి కూడా ఇలాగే ఉండాలి కదండీ" అన్నాడు. "మనిషిలో నూనె పోసి సీలు వేస్తారా బాబూ? ఆ బుర్ర ఇటివ్వు, చల్లారిపోతోంది," అన్నాను. నాకలాంటి మాటలు పడవు.

ప్లాంటు ఆపిన ప్రతి షట్‌డౌన్‌లోనూ కొన్నిటిని ఊడదీసి బల్ల మీద పరీక్షిస్తాం. అన్నీ బాగుంటే సరే. ఒకటి చెడిందంటే, ఆ రకంవి ఇంకా కొన్ని ఊడదియ్యాలి. వాటిలోనూ ఒకటి చెడితే ఇంకా కొన్ని. అందుకే ఒకటి తప్పిందంటే మా గుంపంతా దాని అమ్మనీ అక్కనీ తలుచుకుంటుంది.

కడుపుతో ఉన్నానని కాగితం ఇచ్చిన రోజు మా పెద్ద ఒవిడియో కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. పదవీ విరమణకి దగ్గర పడిన మనిషి. నన్ను పనిలో పెట్టుకున్నది ఆయనే.

"ఇంక లోపలికి వెళ్ళావో, కాళ్ళు విరగ్గొడతా. బయట వర్క్‌షాపులో పరీక్ష బల్ల దగ్గర కూర్చో. పైన అంటిన రేడియేషన్ ధూళి కడిగేసినవే నీ దగ్గరికొస్తాయి. బరువులు రూలో ఎత్తుతాడు."

"నేనేమన్నా తుక్కు సామాన్లు మోసే గాడిదనా?" అన్నాడు రూలో పక్కనుంచి. రూలో అంటే ఉంగరాల జుట్టోడు అని. ఇప్పుడు నున్నటి గుండే, పేరు మాత్రం మిగిలింది.

"గాడిదకి బుద్ధుంటుంది," అన్నాను.

"చూడండి పెద్దాయనా, కడుపుతో ఉన్నా నోరు తగ్గలా," అంటూనే రూలో వెళ్ళి నా హెల్మెట్ తిరగేసి కట్టాడు. తన ఫుట్‌బాల్ జట్టు రంగుల్లో అల్లిన వేలెడంత టోపీ అందులో వేశాడు. ఎప్పుడు కొన్నాడో, ఎన్నాళ్ళు జేబులో పెట్టుకు తిరిగాడో నాకు తెలీదు.

"వీడు మగాడే," అన్నాడు. "మామయ్యని చెబుతున్నా రాసుకో."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆడపిల్ల అని స్కానింగ్ అమ్మాయి మాకు చెప్పాక కూడా, ఫౌస్తోకీ నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. రూలో నోరు ఇంకొన్నాళ్ళు వాగనిద్దామని.

ఐదో నెల వస్తుండగా ఓ ఆదివారం నాడు బిడ్డ పోయింది.

వాన పడుతోంది. ఫౌస్తో నర్సరీలో చిన్న మొక్కల మీద పరదాలు కడుతున్నాడు. నేను కేకేస్తే ఆ బురద చేతులతోనే వచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళేలోపే నాకు తెలిసిపోయింది. డాక్టరు కుర్రాడు, మంచివాడు, నా చెయ్యి పట్టుకుని, "ఇలా జరుగుతుంటుంది సెన్యోరా. ఇదీ కారణమని చెప్పలేం. మీ తప్పేం లేదు," అన్నాడు. నా తప్పు లేదన్న మాట నేను అడగలేదు. కారణం అడిగాను.

డాక్టరు ఇంకొన్నాళ్ళు పడుకోమన్నాడు. మూడు రోజులు పడుకున్నాను. నాలుగో రోజు ప్లాంటు బస్సెక్కాను.

"ఎందుకే ఇప్పుడు?" అన్నాడు ఫౌస్తో గుమ్మంలో అడ్డంగా నిలబడి. "ఇంట్లో ఉండు. నేనూ ఉంటా."

"ఇంట్లో ఏముందని ఉండాలి?"

అలా అనకుండా ఉండాల్సింది. అతని మొహం చూసి కూడా బస్సెక్కేశాను.

వెళ్ళగానే ఒవిడియోకి చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సు దిగేదాకా ఆ ముక్క నోట్లో పెట్టుకునే ఉన్నాను. వర్క్‌షాపు తలుపు తీసేసరికి రూలో నా కుర్చీ మీద దిండు వేసి సర్దుతున్నాడు.

"ఏమైపోయావే? కడుపులో తిప్పిందన్నారు. వాడు అప్పుడే గోల్ కొడుతున్నాడా లోపల? కూర్చో. కదలకు. మా ఆవిడ జామ రొట్టెలు పంపింది. ఇద్దరూ తినండి."

ఇద్దరూ తినండి. కూర్చుని రొట్టె తిన్నాను. ఇంట్లో ముద్ద దిగని దాన్ని, అక్కడ రెండు తిన్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడు అనుకున్నాను. మర్నాడూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు చెప్పాలని లేదు. ఇంట్లో పాప లేదు. ఆసుపత్రిలో లేదు. మా అత్తగారికి ఫౌస్తో ఫోన్లో చెప్పాడు కాబట్టి అక్కడా లేదు. ఈ భూమి మీద నా కూతురు ఇంకా బతికున్న చోటు ఒక్కటే, మా వర్క్‌షాపు. అక్కడ ఆమెకి జామ రొట్టెలు పెడుతున్నారు. ఆమె కోసం తలుపులు మెల్లగా వేస్తున్నారు. ఆమె పక్కన సిగరెట్టు కాల్చడం లేదు. నేను నోరు తెరిస్తే అక్కడ కూడా పోతుంది. నా చేతులతో నేనెలా పోగొట్టుకోను?

అందుకని వదులు ఓవరాల్ వేసుకుని రోజూ వెళ్ళాను. మూడు వారాలు.

"పొట్ట కనపడదేంటే?" అన్నాడు రూలో ఒకరోజు.

"బల్లి కడుపులో బల్లి గుడ్డేగా," అన్నాడు వెల్డింగ్ వాడెవడో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో దేవుడికే తెలియాలి.

సాయంత్రం ఇంటికొస్తే ఫౌస్తో అడిగేవాడు. "చెప్పావా?"

"రేపు."

"యానీనా, వాళ్ళు మన కోసం బొమ్మలు కొంటున్నారు. పాపం కదే."

"నువ్వు మీ అమ్మకి చెప్పుకున్నావుగా, చాల్లే. నా చోటు జోలికి రాకు."

అతను అంటు కత్తి తుడిచి గూట్లో పెట్టి, గుడ్డి దీపం దగ్గర కూర్చునేవాడు. అతనికి ఏడవడానికి చోటు లేకుండా చేశానని నాకప్పుడు తట్టలేదు. నా ఏడుపే నేను ఏడవడం లేదు.

పరీక్షల చివరి వారంలో ఓ షాక్ అబ్జార్బర్ నా బల్ల మీదికొచ్చింది. ఆవిరి తయారయ్యే పెద్ద డ్రమ్ముకి ఆనుకుని ఉండే రకం. చూడ్డానికి నిక్షేపంలా ఉంది. రూలో బల్ల మీద బిగించి, మాతేకి వేణ్ణీళ్ళు తెస్తానని వెళ్ళాడు.

ముందు మెల్లగా లాగాను. హాయిగా వచ్చింది. తర్వాత ఒక్క ఊపున లాగాను. బిగుసుకోవాలి. బిగుసుకోలేదు. వెన్నలోంచి కత్తి వచ్చినట్టు జారుతూ వచ్చేసింది.

"నువ్వు కూడా పట్టుకోలేకపోయావా," అన్నాను దాంతో. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

చూస్తే నూనె తగ్గింది. ఎక్కడో కారింది. నూనె డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. కాస్త పోసి మళ్ళీ లాగితే బిగుసుకుంటుంది, నాకు తెలుసు. కానీ మా పనిలో మొదటి నియమం, దాన్ని దొరికినట్టే పరీక్షించాలి. లోపల ఎలా ఉందో అలాగే. నూనె పోసి, తుడిచి, ముద్దు చేసి పరీక్షించడం పరీక్ష కాదు.

అది చెడిందని చెబితే, ఆ రకంవి ఉన్నవే కొన్ని కాబట్టి, అన్నీ ఊడదియ్యాలి. ఆ రకంవాటిలో ఒకటి డ్రమ్ము వెనక సందులో ఉంది. ఆ సందుని మేం పొయ్యి అంటాం. వేడీ ఎక్కువే, ఒంటికి తగిలే రేడియేషన్ డోసూ ఎక్కువే. అందులోకి దూరగలిగేది గుంపు మొత్తానికి నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ నేనే దూరాను. చెడిందని నేను నోరు తెరిచిన నిమిషం నుంచి అందరూ పొయ్యి గురించి, ఆ తర్వాత నా గురించి మాట్లాడతారు.

నూనె పోశానంటే ఎవరికీ తెలీదు. ఇంకో వారంలో షట్‌డౌన్ అయిపోతుంది. ఇంకో వారం నా కూతురు ఉంటుంది. మా పంపా మైదానంలో భూమి ఎప్పుడు కదిలింది కనక?

డబ్బా మూత తీశాను. తీసి, పట్టుకుని నిలబడ్డాను. రూలో అడుగుల చప్పుడు వినిపించింది. దూరంగా ఎవరితోనో గట్టిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వేవాడే రేపు ప్లాంటు నడుస్తున్నప్పుడు ఆ పైపు పక్కన నిచ్చెనెక్కుతాడు. మూత బిగించేశాను.

"చెడింది," అన్నాను అతను రాగానే.

"దీని అమ్మ!" అన్నాడు రూలో. వెంటనే నా పొట్ట వంక చూసి, "క్షమించు బాబూ, వినకు," అన్నాడు.

ఒవిడియో వచ్చాడు. చెడినదాన్ని విప్పి కారణం తేల్చేదాకా ఆయన కాఫీ కూడా తాగడు. ముక్కముక్కా విప్పి, నల్లటి రబ్బరు చుట్టొకటి వేళ్ళతో తీసి లైటు కింద పెట్టాడు. అది గట్టిపడి బీట్లిచ్చింది.

"ఇదిగో. దొరికింది. సీలు ముసలిదైపోయింది, నూనె ఇక్కణ్ణించే పోయింది. చూశావా, కారణం లేకుండా ఏదీ చెడదు."

నేను ఘొల్లున ఏడ్చేశాను. ఓ ఇనుప ముక్క చెడితే బల్ల మీద పెట్టి, లైటు వేసి, ఎక్కడ పోయిందో ఎందుకు పోయిందో చూపించేదాకా నిద్రపోరు. నా బిడ్డ పోతే, ఇలా జరుగుతుంటుంది అన్నారు. అంతే. ఆ బీట్లిచ్చిన రబ్బరు చుట్టుపాటి కూడా నాకు దొరకలేదు.

"అయ్యో, అయ్యో," అన్నాడు ఒవిడియో కంగారుగా. "కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే ఉంటుంది. మా ఆవిడ ఉల్లిపాయ తరుగుతూ ఉల్లిపాయని చూసి జాలిపడి ఏడ్చేది. నీళ్ళు తే రా రూలో!"

మర్నాడు పొద్దున వాళ్ళు నన్ను పిలవకుండానే కూర్చున్నారు. మధ్యలో ఉన్నది పలచటి రేకు గోడ. నా బల్ల దగ్గరికి అన్నీ వినిపిస్తున్నాయి.

"పొయ్యిలోది ఎలా తీస్తాం?" అన్నారెవరో. "బల్లి లేదుగా."

"బల్లి మాట ఎత్తితే పళ్ళు రాలగొడతా," అన్నాడు ఒవిడియో. "ఆ పిల్ల చెవిన పడకూడదు. పడితే బాధపడుతుంది. పక్కనున్న ఇనుప చట్రం కోసి దారి చేద్దాం. మళ్ళీ వెల్డింగ్ చేద్దాం."

"చట్రం కొయ్యాలంటే చాలాసేపు అక్కడే నిలబడాలి పెద్దాయనా. డోసు మాటేంటి?"

"నేను కోస్తా," అన్నాడు రూలో. "ఈ ఏడాది నా కోటా ఇంకా మిగిలుంది."

"మొత్తం అయిపోద్ది రా అక్కడ."

"అవనీ. మామయ్యని. వాడి కోసం ఆ మాత్రం తీసుకోనా? వాడు పుట్టాక నా భుజం మీదెక్కించుకుని మ్యాచికి తీసుకెళ్ళి చెబుతా, ఒరేయ్, నీ కోసం నేను పొయ్యిలో కాలాన్రా అని. జన్మంతా నాకు సిగరెట్లు కొనిపెట్టాలి వాడు."

అందరూ నవ్వారు. ఇంకొకడు తనూ కోస్తానన్నాడు. ఇంకొకడూ అన్నాడు. తలా కాస్త పంచుకుందాం అన్నారు.

ఇన్నాళ్ళూ వాళ్ళు పెట్టిన రొట్టెలు తిన్నాను, వేసిన దిండు మీద కూర్చున్నాను. అదంతా ఓ రకం. ఇది వేరు. లేని బిడ్డ కోసం ఉన్న మనుషులు ఒంట్లోకి విషం ఎక్కించుకుంటామంటున్నారు, అదీ పోటీలు పడి. ఇంక అక్కడ కూర్చోలేకపోయాను.

ప్లాంటు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆసుపత్రి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నన్ను పరీక్షించి, తలెత్తకుండా సంతకం చేశాడు. అక్కణ్ణించి డోసు ఎంత తగిలిందో కొలవడానికి ఛాతీకి పెట్టుకునే బిళ్ళలిచ్చే కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల బెటీనా.

"ఏమే బల్లీ, దారి తప్పొచ్చావా? నీకు బిళ్ళ ఇవ్వకూడదు కదే."

"ఇవ్వచ్చు," అన్నాను.

కాగితం అవతలికి తోశాను. ఆమె చూసింది. చూసి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి నా చెంప మీద ఆనించింది. నాకు ఆ చెయ్యి కొరికెయ్యాలనిపించింది. అంత కోపం ఎందుకో తెలీదు, ఆమె ఏం చేసిందని?

"బిళ్ళ ఇవ్వు బెటీనా. వాళ్ళు కోసేస్తారు."

ఇచ్చింది.

బట్టల గదిలో నా కొక్కెం దగ్గర నిలబడ్డాను. హెల్మెట్ నిండిపోయింది. అంచు దాటి పైకి వచ్చేశాయి. ఎన్నడూ లోపలికి తొంగి చూడలేదు నేను, పుట్టేదాకా చూడకూడదంటారు. ముడి విప్పబోయాను. తలుపు చప్పుడైంది. ఒవిడియో.

నా ఛాతీ మీది బిళ్ళ చూశాడు. నా చేతులు ఎక్కడున్నాయో చూశాడు. ఆయన తన హెల్మెట్ తీసి, వెల్లకిలా తిప్పి, రెండు చేతులతో నా ముందు పట్టుకున్నాడు. నాదాంట్లోవన్నీ అందులోకి వంచాను. మేజోళ్ళు, గిలక్కాయ, ఎవరో చెక్కిన చెక్క పడవ, అన్నిటికంటే అడుగున ఆ ఊలు టోపీ. పట్టనివి కొన్ని కింద పడితే, ఆ పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని ఏరాడు.

"రూలో లోపలే ఉన్నాడు," అన్నాడు లేవకుండానే. "మిషన్ బిగిస్తున్నాడు. ఆపమను."

తెల్ల దుస్తులు, రెండు జతల గ్లవ్స్, మొహమంతా కప్పే మాస్కు తొడుక్కుని లోపలికి వెళ్ళాను. అక్కడ ఫ్యాన్ల హోరుకి మనిషి మాట మనిషికి వినపడదు. పై మెట్టు మీద రూలో నాకు వీపు పెట్టి కోత మిషన్‌తో కుస్తీ పడుతున్నాడు. అతన్ని తట్టి చెబుదామనే అనుకున్నాను. కానీ అతని పక్కనుంచే జారి, ఎప్పట్లాగే తల ముందు పెట్టి సందులోకి దూరాను.

సందు నన్ను తేలిగ్గా లోపలికి తీసుకుంది. ఎక్కడా ఒరుసుకోలేదు, ఎక్కడా అడ్డు తగల్లేదు. ఇవాళ్టికి నా పొట్ట ఎంత ఎదిగి ఉండాలో నాకు తెలుసు. పట్టకూడదు నేను. ఆ ఇనుముకి కూడా తెలియనట్టు నన్ను మింగేసింది.

సగం దూరానో లేదో, ఎవరో నా కాలి మడమ పట్టుకుని వెనక్కి లాగారు. మెడ తిప్పి చూశాను. రూలో. మాస్కు గాజు వెనక అతని కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"నీకేమన్నా పిచ్చా?" అరుస్తున్నాడు. "బయటికి రా! కడుపులో బిడ్డని పెట్టుకుని! మేమున్నాంగా! రావే బయటికి!"

"రూలో, వదులు."

"ఆ పెద్దాయన ఎలా రానిచ్చాడు నిన్ను? చంపేస్తా ఆయన్ని! రా!"

"లేదు రూలో," అన్నాను.

"ఏంటి?"

"బిడ్డ లేదు."

"వినపళ్ళేదు! ఏంటి?"

అంతవరకూ ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఫౌస్తోతో అనక్కర్లేకపోయింది, పక్కనే ఉన్నాడు. డాక్టరుకి కాగితం చూపించాను. బెటీనాకి కాగితం చూపించాను. ఒవిడియో నా చేతుల్ని చూశాడు. ఒక్కళ్ళతో కూడా నోటితో చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఈ గుండోడు, నా మీద ప్రాణం పెట్టుకున్న ఈ వెర్రివాడు, కాలు పట్టుకుని నా చేత అరిపిస్తున్నాడు.

"నా బిడ్డ పోయింది!" అని అరిచాను. "మూడు వారాలైంది! చచ్చిపోయింది రూలో!"

గోడలకి తగిలి ఆ మాట పైదాకా వెళ్ళింది. పరంజా మీద ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కింద సుత్తి చప్పుడు ఆగింది. ఫ్యాన్లు మాత్రం ఆగలేదు.

రూలో లాగడం మానేశాడు. కానీ కాలు వదల్లేదు.

నేను ముందుకి తిరిగి ముక్క దగ్గరికి పాకాను. లైటు వేసి చూశాను. నూనె చూశాను, రాడ్ చూశాను, బోల్టులు చూశాను. ఏడుస్తూనే చూశాను. మాస్కులో కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఉండదు. బయటికొచ్చేదాకా గడ్డం కింద చేరి అక్కడే ఉంటాయి.

కాసేపటికి వెనకనుంచి అరుపు వినిపించింది. రూలోదే.

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

ఇన్నాళ్ళలో నన్నెవరూ అడగలేదు. పోయాక అది ఎవరో తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు.

"ఆడపిల్ల!" అని అరిచాను.

ఆ తర్వాత పందొమ్మిదో నంబరు స్పానరు అడిగాను. రూలో ఒక చేత్తో అందించాడు. రెండో చెయ్యి, పని అయ్యేదాకా, నా కాలి మీదే ఉంది.